వాకిట్లో నల్ల ఉన్ని

...ముందే చెప్పేస్తే అది కానుక ఎలా అవుతుంది? చెప్పకుండా ఇస్తే ఎందుకని అడుగుతుంది. అడిగితే, చల్లటి నేల మీద కూచుని నీ మోకాళ్ళు పట్టేస్తున్నాయని చెప్పాలి. అంత మాట మొహం చూసి ఎలా చెప్పడం?

వాడిపట్టి దగ్గరి చిన్న ఊళ్ళో ముత్తుకృష్ణ పెళ్ళయిన నాటినుంచీ ఇలాగే ఆలోచించేవాడు. ఆలోచన తెమిలేసరికి భార్య తిరుమలమ్మాళ్ నిద్రపోయేది. మొన్న ఆమె, "ఈ తూరి పుట్టింటికి పోతే తిరిగి రాను. అక్కడ గొర్రెలైనా బదులిస్తాయి," అంది.

భూములు కొలవడానికి వచ్చిన కుంఫిణీ దొర గుడారంలో, కాళ్ళ కింద ఉన్నితో సహా మెత్తగా పరిచిన గొర్రెతోలు అతను చూశాడు. మామగారు ఉప్పు పట్టించి ఇచ్చిన రెండు నల్ల గొర్రెతోళ్ళు ఏళ్ళ తరబడి అటక మీదే ఉన్నాయి. భార్య చేనికి పోయిన వేళల్లో ఒకదాన్ని నానబెట్టి, గీకి, పటిక రుద్దాడు. ఇవాళ తంగేడు చెక్క కషాయం కాచి, పొగలు పోకముందే లోపలివైపు పోసి, వాకిట్లో ఆరేశాడు. కాకులు పొడుస్తుంటే ఉన్ని పైకి తిప్పాడు. చేతులు కడుక్కోవడానికి పక్కన నీళ్ళచెంబు పెట్టుకున్నాడు. ఈగలు తోలిన వేపరెమ్మను అందులోనే గుచ్చాడు.

నల్ల ఉన్ని, నీళ్ళచెంబు, వేపాకు. వాళ్ళ కులంలో ఈ మూడూ ఒకచోట చేరితే పంచాయతీ పిలిచినట్టే. ఆ ఉన్ని మీద కూచున్న పెద్దమనిషి తీర్పు చెప్పకుండా లేవకూడదు.

ఆ దారిన వచ్చిన ఊరిపెద్ద పెరుమాళ్‌సామి చెప్పులు విడిచి, దండం పెట్టి, తోలు మీద కూచున్నాడు. ఆయన తిరుమలమ్మాళ్‌కు పెదనాయన.

"చెప్పప్పా. ఎవరి మీద ఫిర్యాదు?"

ఊరిపెద్దను పచ్చితోలు మీద కూచోబెట్టానని చెప్పడం ఎలాగో ముత్తుకృష్ణ ఆలోచించసాగాడు. అంతలో పొరుగింటి రత్నసభాపతి కూడా వచ్చి పక్కన సర్దుకున్నాడు. తోలు కంపుకి ముక్కు ఎగబీల్చి, పెద్దాయన వైపు చూసి, మర్యాదకొద్దీ మొహం తిప్పుకున్నాడు. పెద్దాయనా అతణ్ణి అలాగే చూసి కొంచెం జరిగాడు.

"నోరు రాలేదంటే ఇంటి సంగతే," అన్నాడు రత్నసభాపతి. "పెండ్లాం గురించేనా?"

"ఆమె గురించే. కానీ..."



"అయ్యో, విడిచిపెడతాడంట!" రత్నసభాపతి వీధంతా వినిపించేలా నిట్టూర్చాడు.

వీధి మలుపులో తిరుమలమ్మాళ్ వింది. నెత్తిన గడ్డిమోపుతోనే వాకిట్లోకి వచ్చింది.

"విడిచిపెట్టేదానికి, పట్టుకున్నదెప్పుడు? పెదనాయనా, ఈ మనిషి నన్ను ఒక మాట అడిగి ఎన్నాళ్ళయిందో అడుగు. నేనే పోతాను. తీర్పు చెప్పు."

పెద్దాయన చెంబు మీద చెయ్యి పెట్టాడు. "సరి సరి. ఇద్దరిదీ ఒకే మాటైతే సులువే. నేటితో మీ ఇద్దరికీ..."

"మామా, లేవండి!"

అంత గొంతు ముత్తుకృష్ణకు ఉందని ఎవరికీ తెలియదు. పెద్దాయన ఉలిక్కిపడి లేచాడు. ఆయన పంచెతోపాటు ఉన్నీ లేచింది. కూచున్న మేర తోలు గుండు కొట్టినట్టు మిగిలింది.

తిరుమలమ్మాళ్ మోపు దించి, వంగి, అంచు పట్టి చూసింది. "ఇది మా నాయన ఇచ్చిన తోలు గదా?"

"నీ మోకాళ్ళ కింద వేసుకుంటావని," అన్నాడు ముత్తుకృష్ణ నేలను చూస్తూ.

ఆమె ఊడిన ఉన్నిని వేళ్ళతో నలిపి చూసింది.

"కషాయం కాగుతుండగానే పోసినావా? ఉన్ని నిలుస్తుందా? గొర్రెలింట పుట్టినదాన్ని, నన్నొక మాట అడిగితే ఏమి?"

పెద్దాయన వెనక్కి చెయ్యి పెట్టి తడుముకుంటున్నాడు. "ఏమే, తీర్పు చెప్పేదా, వద్దా?"

ముత్తుకృష్ణ అటకెక్కి రెండో తోలు దించాడు. దాన్ని భార్య ముందు పెట్టి, ఏమీ ఆలోచించకుండా అడిగాడు.

"దీన్ని ఎట్ల చెయ్యాల?"

తీర్పు చెప్పకుండా లేచిన మొదటి పెద్దగా పెరుమాళ్‌సామి, వెనకాల సగం గొర్రెతో, ఇంటికి నడిచాడు.