ఎండ అక్కర్లేని కరువు

కరువు కావాలా నాయనా? ఇప్పుడు ఎండ అక్కర్లేదు. వాన మొహం చాటేయక్కర్లేదు. బావి ఎండిపోనక్కర్లేదు. కంప్యూటర్ ముందు కుర్చీలో కూర్చుని చాయ్ తాగుతున్న పిల్లగాడు ఒక్క పూటలో తెచ్చేస్తాడు!

నవ్వకండి. మా కాలంలో కరువు రావాలంటే ఎంత తతంగం ఉండేది! మృగశిర చుక్క రాల్చకుండా పోవాలి, ఆరుద్ర మొండిచెయ్యి చూపాలి, మేం కప్పను రోకలికి కట్టి ఇల్లిల్లూ తిరిగి నీళ్లు పోయించాలి, అయినా మబ్బు కరగకూడదు. అప్పుడు గానీ ఒక కరువు తయారయ్యేది కాదు. ఆ తర్వాత మూటలు కట్టుకుని వలస పోయే పని వేరే ఉండేది. ఇప్పుడా యాతనే లేదు. కలర్ గ్రేడింగ్ అంటారట దాన్ని. సినిమా తీసేశాక అందులోని రంగులను తమకు కావలసినట్టు మార్చుకునే విద్య. నేను దానికి రెండు చేతులెత్తి మొక్కుతున్నాను. ఎందుకో చెబుతాను, కుదురుగా కూర్చోండి.

ముందు పాత సినిమాల పాపం చెప్పాలి. కల్వకుర్తిలో డేరా టాకీస్ ఉన్న రోజుల్లో నేనూ షరీఫున్నీసా బండి కట్టించుకుని పోయేవాళ్లం. మాది ఒకే వాడ, ఒకే ఈడు. సినిమా అంతా నలుపు, తెలుపు. హీరోయిన్ కట్టిన చీర ఆకుపచ్చదని అది, మిరపపండు రంగుదని నేను! ఇంటర్వెల్‌లో మొదలైన కొట్లాట బండి ఊరు చేరినా తెగేది కాదు. ఒకసారి మూడు రోజులు మాటల్లేవు మాకు. ఎవరిదా తప్పు? రంగు చూపించని సినిమాది కాదా?

ఇప్పుడా ప్రమాదం లేదు. అంతా కలర్ సినిమాలే. కాకపోతే ఒకటే కలర్! చీర, గోడ, కోడిపుంజు, హీరో చెంప, అన్నీ మాడిన జొన్నరొట్టె రంగు. ఇంక దేనికోసం కొట్లాడతాం? ఆడవాళ్ల స్నేహాలు గట్టిపడుతున్నాయి.

ఇంక వెలుగు సంగతి. పాత సినిమాలో అమావాస్య అడవిలో కూడా హీరోయిన్ ముఖం నిండు చందమామలా ఉండేది. ఆ వెలుగు ఎక్కడిదని మేం అడిగామా? దేవుడిచ్చాడనుకున్నాం. కొత్త సినిమాలో మిట్టమధ్యాహ్నం, ఇంట్లో, కిటికీ పక్కన నిలబడినా మనిషి కనబడడు. ఎవరు ఎవరిని కొడుతున్నారో తెలియదు కాబట్టి ఎవరి మీదా జాలి పడే శ్రమ ఉండదు. ఆ చీకటి చూసి నాకు కంట్లో పొర వచ్చిందని భయపడి దవాఖానకు పోయాను. డాక్టరమ్మ టార్చి వేసి చూసి, "కండ్లు మంచిగున్నయ్ అవ్వా. ఏం సినిమా సూసినవ్?" అని అడిగింది. సినిమా పుణ్యాన కంటి పరీక్ష జరిగిపోయింది! కెమెరా ఊగుడు గురించి చెప్పనే అక్కర్లేదు. కదలకుండా కూర్చుని దేవరకొండ దాకా గుంతల రోడ్డు మీద పోయొచ్చిన పుణ్యం దక్కుతుంది.

ఇన్ని మేళ్లు చేసిన సినిమావాళ్లు రెండేళ్ల కింద మా ఊరికే వచ్చారు. వాళ్లు చేసిన అసలు మేలు ఇప్పుడు చెబుతాను.

కెమెరామన్ పేరు దివాకర్. మర్యాద తెలిసిన పిల్లగాడు, వయసు ముప్పై దాటదు. రాగానే ఊరు చుట్టూ తిరిగి మా అరుగు మీద కూలబడి తల పట్టుకున్నాడు.

"ఏమైంది బిడ్డా?" అన్నాను.

"ఊరు చాలా పచ్చగా ఉందవ్వా."

"పచ్చగుంటె మంచిదే గద?"

"కరువు కథ అవ్వా మాది. తెలంగాణ పల్లె కథ. ఇంత పచ్చగా ఉంటే ఇది తెలంగాణ అని జనం నమ్మరు."

"మరి ఎండిపోయిన ఊరికే పోవొద్దా?"

"వారం రోజుల నుంచి వెతుకుతున్నామవ్వా. ఎక్కడికి పోయినా వరే!" అన్నాడు. పాపం, ఆ పిల్లగాడి గొంతులో ఉన్న దుఃఖం విని మా కాలువ నీళ్ల తరఫున నేను క్షమాపణ చెప్పుకోవాలేమో అనిపించింది.

చివరికి అతని కన్ను మా తమ్ముడు చెన్నయ్య పొలం మీద పడింది. "ఇక్కడే తీద్దాం. మిగతాది గ్రేడింగ్‌లో చూసుకుంటా" అన్నాడు.

మా చెన్నయ్య గురించి మీకు తెలియాలి. వాడికున్నది మూడెకరాల చెలక. అంటే ఎర్రమట్టి మెట్ట నేల. ఆకాశం దయ తలిస్తే నాలుగు ఆముదపు గింజలు, లేకపోతే రాళ్లు. ఆ చెలకలో నీళ్ల కోసం వాడూ, షరీఫున్నీసా తమ్ముడు అబూబకరూ కలిసి బావి తవ్వారు. ఎన్ని నిలువుల లోతుకు పోయినా తేమ తగల్లేదు. ఇద్దరూ అదే పార, అదే గంప భుజాన వేసుకుని సోలాపూర్ దిక్కు పోయి, అక్కడి రైతుల కోసం కాలువలు తవ్వారు. మా పాలమూరు మనిషి తవ్వని కాలువ ఈ దేశంలో ఉందా?

అక్కడ ఒకరోజు గట్టు మీద రొట్టె తింటూ మా వాడు, "ఎప్పుడో ఒకనాడు నా చెలకకు గూడ నీళ్లస్తయ్ రా" అన్నాడట. అబూబకర్ పగలబడి నవ్వి, "నీ చెలక వరిపొలమైన్నాడు నా మీసం తీసేస్త, పో" అన్నాడు. మామూలు మీసం కాదది. నిమ్మకాయ నిలబడే మీసం.

మా వాడు తిరిగొచ్చాడు, అబూబకర్ అక్కడే ఉండిపోయాడు. ఇప్పుడు కూతురు నాజియా దగ్గర ఉంటాడు. మోకాళ్లు పట్టేసి ప్రయాణాలు మానేశాడు. ఇక్కడ మా దిక్కు కాలువ వచ్చింది. చెలక వరి పండే పొలమైంది. చెన్నయ్య ఫోన్ చేసి చెబితే వాడు నమ్మితేనా! "నోటితోటి ఎవడన్న పండిస్తడు. కండ్లతోటి సూసిన్నాడు మాట్లాడుదాం" అంటాడు. సొంత అక్క షరీఫున్నీసా చెప్పినా, "నువ్వు ఆని దిక్కు మాట్లాడుతవ్ లే" అని కొట్టిపారేశాడు.

అందుకే షూటింగ్ అనగానే చెన్నయ్య కాళ్లు నేల మీద ఆనలేదు. పొలం ఒడ్లు, అంటే గట్లన్నీ, చెక్కాడు. కలుపు గడ్డి పోచ లేకుండా పీకాడు. "అక్కా, గ్రేడింగ్ అంటె ఏందే?" అని అడిగితే, నాకు తెలియదని చెప్పడానికి నోరెట్లా వస్తుంది? "ఫొటో స్టుడియోల మొఖానికి పౌడర్ కొడతరు సూడు, గట్లనే పొలానికి కొడతరు" అన్నాను. వాడు మురిసిపోయి బటన్ ఫోన్‌లో రెండు వాడలకు వినబడేలా అరిచాడు: "అబ్బూ! నా పొలం సినిమాల వస్తాంది రా! మంగలిని పిలుసుకో!"

షూటింగ్ చూసినవాళ్లు ధన్యులు. హీరో మడి మధ్యలో నిలబడి, ఆకాశం దిక్కు చూసి, "ఒక్క చుక్క లేదు తల్లీ" అని ఏడవాలి. పాపం ఆయన మోకాలి దాకా బురదలో ఉన్నాడు. దివాకర్ ఆలోచించి మోకాళ్ల పైనుంచే తీశాడు. అదీ ఫొటోగ్రఫీ అంటే! కప్పలు ఒకటే బెకబెక. వాటిని తరమడానికి ఇద్దరు మనుషులు. ఇంతలో హీరో పిక్కకు జలగ పట్టింది. వాళ్లు కట్ చెప్పేదాకా ఆయన ఓర్చుకుని కన్నీళ్లు పెట్టాడు. కరువు బాధను ఇంత సహజంగా ఎవరూ నటించలేదని తర్వాత మెచ్చుకున్నారట. ఆ జలగ పేరు మాత్రం ఒక్కరూ తెర మీద వేయలేదు.

సినిమా విడుదలైన రోజు రెండు ట్రాక్టర్ల నిండా కల్వకుర్తికి పోయాం. చెన్నయ్యకు తెల్ల పంచె, తలకు కొత్త రుమాలు. నేను షూటింగ్‌లో వెనకాల బిందె పట్టుకుని నడిచాను కాబట్టి, ఆ రోజు కట్టిన మిరపపండు రంగు నారాయణపేట చీరే మళ్లీ కట్టుకున్నాను.

తెర మీద మాడిన రొట్టె మొదలైంది. గంట గడిచింది. చెన్నయ్య నా మోచేయి పొడిచి, "అక్కా, మన పొలం ఎప్పుడొస్తది?" అన్నాడు.

"వచ్చిపోయింది రా."

"ఎక్కడ?"

"ఇందాక హీరో ఏడ్చిండు సూడు, గదే."

వాడు తెర దిక్కు ముందుకు వంగాడు. పొట్ట మీదున్న వరి గడ్డిపోచల్లా ఎండిపోయి ఉంది. కాలువ నీళ్లు చాయ్ రంగు. మా తెల్ల ఎద్దులు బర్రెలయ్యాయి. నా నారాయణపేట చీర గోనెసంచి! షరీఫున్నీసా నా చెవిలో, "ఇప్పుడు చెప్పవే, ఏం రంగు?" అంది. యాభై ఏళ్ల పగ తీర్చుకుంది.

మూడో రోజు అబూబకర్ ఫోన్ చేశాడు. అందరం అరుగు మీదే ఉన్నాం. ఆ బటన్ ఫోన్‌కు వేరే స్పీకర్ అక్కర్లేదు.

"చెన్నిగా, నాజియా ఫోన్ల సినిమా సూపిచ్చింది రా. గా మూలకున్న తుమ్మచెట్టును గుర్తువట్టిన. ఏం మారలే! మనం ఇడిసిపెట్టి పోయిన్నాడు ఎట్లుండెనో గట్లనే ఉంది. నాతోని అబద్ధం ఎందుకు చెప్తవ్ రా? నీళ్లు రాకుంటె రాలేదని చెప్పు. నేను పరాయోన్నా?" మళ్లీ తనే మెత్తగా అన్నాడు: "బియ్యం గిట్ల పంపియ్యాల్నా?"

మూడెకరాల వరి పండించేవాడికి బియ్యం పంపుతాడట! మేమైతే నవ్వాం. చెన్నయ్య నవ్వలేదు. ఆ పూట అన్నం ముట్టలేదు. ఒకే గుంతలో దిగి మట్టి మోసిన మనిషి అబద్ధాలకోరని అన్నాక ముద్ద దిగుతుందా?

సరే, కెమెరా అంటే దివాకర్‌కొక్కడికే వచ్చా? మర్నాడు షరీఫున్నీసా ఫోన్ తీసుకుని నేనే ఒడ్డు ఎక్కాను. సగం తెర నా బొటనవేలే. మిగతా సగంలో మాత్రం పొలం పచ్చగా ఊగింది, చెన్నయ్య ఒంగి వరి వెన్ను పట్టుకుని చూపించాడు. నాజియా ఫోన్‌కు పంపించాం. సాయంత్రానికి అబూబకర్ గొంతు వచ్చింది:

"సూసిన సుగుణక్కా. మంచిగుంది. కంప్యూటర్ల పచ్చరంగు ఎవలు ఏసిన్రు? మస్తు ఏసిన్రు!"

విన్నారా! ఎండిపోయినట్టు చూపించిన అబద్ధం నిజమైంది, పచ్చగా ఉన్న నిజం కంప్యూటర్ పనైంది. ఇంతకన్నా గొప్ప విద్య ఈ భూమ్మీద ఉందా?

మూడు రోజులు చెన్నయ్య పొలంలోనే కూర్చున్నాడు. నాలుగో రోజు లేచి, కోతకొచ్చిన వరి దుబ్బు ఒకటి వేళ్లతో, మట్టిగడ్డతో సహా పెల్లగించాడు. గోనె చుట్టి, బస్సు పార్శిల్‌లో సోలాపూర్ పంపాడు. "మట్టికి రంగు ఎవడేస్తడో సూస్త" అన్నాడు.

తర్వాత జరిగింది నాజియా చెప్పింది. అబూబకర్ గోనె విప్పి, వరి వెన్నుల దిక్కు చూడనే లేదట. మట్టిగడ్డను చేతిలోకి తీసుకుని, నలిపి, తెల్ల గులకరాయి ఒకటి ఏరాడట. ఆ బావి తవ్వేటప్పుడు ఎన్ని వేల సార్లు ఆ రాళ్లు వాడి పారకు తగిలాయో! "మన చెలకదే" అన్నాడట. లేచి, కట్టె పట్టుకుని, మంగలి దుకాణానికి నడిచాడట.

ఆ సాయంత్రం మాకు ఫొటో వచ్చింది. మీసం లేని అబూబకర్! షరీఫున్నీసా చూసి, "యా అల్లా, అచ్చం మా అమ్మలెక్కనే ఉన్నడు!" అని కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. ఫోన్ తీసుకుపోయి చెన్నయ్యకు చూపించాం.

వాడు ఫోన్‌ను దగ్గరగా పట్టుకుని చూశాడు. దూరంగా పెట్టి చూశాడు. ఎండలోకి తిప్పి చూశాడు.

"కంప్యూటర్ల తీసిన్రేమో అక్కా" అన్నాడు. "వచ్చి నా ముంగట గీకిచ్చుకోమను. అప్పుడు నమ్ముత."

ఇప్పుడు అబూబకర్ మళ్లీ మీసం పెంచుతున్నాడు. నిండుగా వచ్చాక బస్సెక్కి వచ్చి, చెన్నయ్య ఒడ్డు మీదే కూర్చుని తీయించుకుంటాడట. పన్నెండేళ్లుగా ఊరి ముఖం చూడనివాడు, మోకాళ్లు పట్టేశాయని వంద వంకలు చెప్పినవాడు, వస్తున్నాడు! షరీఫున్నీసా ఇప్పటికే గోడలకు సున్నం వేయించింది.

ఇదంతా ఎవరి పుణ్యం? మన దివాకర్ మా పొలాన్ని ఎండబెట్టకపోతే ఇద్దరు ముసలివాళ్లు చచ్చేదాకా ఫోన్‌లోనే మీసం గురించి కొట్లాడుకునేవాళ్లు. అందుకే చెబుతున్నాను, కలర్ గ్రేడింగ్ వర్ధిల్లాలి!

దివాకర్ బిడ్డా, నువ్వు ఇది చదివితే మళ్లీ రా. కొత్త బియ్యంతో అన్నం పెడతాం. పొలం ఇస్తాం. జలగలు కూడా ఉన్నాయి. నాదొక్కటే మనవి. ఆ పచ్చదనం రావడానికి మాకు నలభై ఏళ్లు పట్టింది, నీకు తీసేయడానికి ఒక్క పూట. కాబట్టి నీ కథకు కరువు కావలిస్తే హైదరాబాద్ నుంచి వచ్చేటప్పుడు నువ్వే తెచ్చుకో. పోయేటప్పుడు మాత్రం మా ఊళ్లో మరిచిపోయి పోకు నాయనా.