ఇరవయ్యారు, నలభై అటూ ఇటూ

వృక్ష చరిత్ర విభాగంలో పరిశోధనకు చేరిన విద్యార్థులు రెండో వర్షాకాలం ముగిసేసరికి చెరువు అడుగున ఒక మట్టిపొరగా మారతారు. ఈ సంగతి ప్రవేశ ప్రకటనలోనే ఉంది, హాస్టల్ వసతి గురించిన వాక్యం తరవాత.

దీనివల్ల శాస్త్రానికి మేలే జరిగింది. ఏ కాలంలో ఏ చెట్లుండేవో తెలియాలంటే పూర్వం చెరువు మట్టిని గొట్టంతో పైకి తీసి, అందులో చిక్కిన పుప్పొడిని చూసి ఊహించేవారు. ఇప్పుడు పుప్పొడి నేరుగా విద్యార్థి మీదే రాలుతుంది. అడవి కొట్టి నీలగిరి వేశాక, అక్కడ ఒకప్పుడు మద్ది ఉండేదని చెప్పగలిగేది వాళ్లే. అడవిని కాపాడడంకన్నా ఈ పద్ధతి తేలికని పైవాళ్లు మెచ్చుకున్నారు.

అప్పలకొండ కొడుకు పైడిరాజు మంచి పొర అయ్యాడు. గోరంత మందం, ఎక్కడా పగులు లేదు. వాణ్ణి ఇంటికి తీసుకుపోదామని ఆమె కొత్త తువ్వాలుతో వచ్చింది. ఇవ్వడానికి విభాగానికి అభ్యంతరం లేదు. వయసు తేలాలి, అంతే. అందుకు పొరలో కొంత కాల్చి, అందులోని కార్బన్‌ను కొలవాలి.

"కాల్చడమెందుకు బావూ? నన్నడగండి. ఇరవయ్యారు నిండినాయి. ఆడు పుట్టిన్నాడే మా వాకిట్లో ఇప్పసెట్టు పూసింది."

"తల్లి మాట ఆధారం కాదమ్మా," అన్నాడు ప్రొఫెసర్ విశ్వేశం మర్యాదగా. "ఆ పువ్వుంటే చూడొచ్చు. తెచ్చారా?"

"అప్పటి పువ్వు ఇప్పుడెక్కడ తెత్తాను బావూ?"

"మా ఇబ్బందీ అదేనమ్మా."

కాల్చారు. ఇరవయ్యారు, నలభై అటూ ఇటూ అని రిపోర్టు వచ్చింది. అంటే పైడిరాజుకు అరవయ్యారు ఉండవచ్చు. పుట్టడానికి ఇంకా పద్నాలుగేళ్లు పట్టనూవచ్చు. ఇలాంటప్పుడు విభాగం తక్కువ అంకెనే తీసుకుంటుంది. పుట్టనివాణ్ణి తల్లికి అప్పగించడం కుదరదు. ఆమె ఇంకా తల్లి కాదు.

"పద్నాలుగేళ్లాగి రండి," అన్నాడు విశ్వేశం.

అప్పలకొండ ఏడవలేదు. కొడుకు ఇంకా పుట్టలేదని రిపోర్టు ఉండగా ఏడవడం బాగుండదు.

"అయితే బావూ, ఈసారి ఆడు పుట్టేక ఈ సదువులో ఎయ్యకుండా ఉండొచ్చా?"

"సీటు ముందే ఖరారైపోయిందమ్మా. దానికోసం బయట ఎంతమంది ఉన్నారో చూశారా?"

ఆమె బయటికి వచ్చి చూసింది. వరండా పొడవునా ఇస్త్రీ చొక్కాల పిల్లలు, పక్కన తల్లులు.

"మీవోడికి సీటొచ్చిందేటి?" అని ఒకావిడ అడిగింది.

"వచ్చింది."

"అదురుష్టవంతురాలివి వొదినా," అందావిడ, తన కొడుకును కాస్త ముందుకు తోస్తూ.