చీఫ్ గారింటి గీజరు

ఆ శనివారం ఉదయం నెవిల్ ట్రెంబాత్ పెట్టుకున్న పనులు చాలా కొద్ది. గడ్డం గీసుకోవాలి, నీలం యూనిఫాం తొడుక్కోవాలి, మధ్యాహ్నం హాల్లో బంగారు నక్షత్రం అందుకోవాలి. రాటాబర్న్ ఊరి స్వచ్ఛంద అగ్నిమాపక దళంలో పాతికేళ్ళు పనిచేసినవాడికి ఇచ్చే నక్షత్రం అది. దళానికి చీఫ్ కనుక ఊరివాళ్ళకు నాలుగు మంచి మాటలు కూడా చెప్పాలి. విషయం ఆయనే ఎంచుకున్నాడు: గీజరును ఆర్నెల్లకోసారి చూసుకోని ఇంటికి రాబోయే ముప్పు.

కుళాయి తిప్పగానే వేళ్ళు చుర్రుమన్నాయి.

"వారం నుంచి మొత్తుకుంటున్నాను," అంది భార్య మొయిరా తలుపు దగ్గర నిలబడి. "నీళ్ళు సలసలా కాగుతున్నాయి. ప్లంబర్ని పిలువు."

"వేడినీళ్ళ కోసమేగా గీజరు పెట్టుకున్నది. వేడిగా ఉన్నాయని కూడా ఫిర్యాదేనా?"

"సేఫ్టీ వాల్వు మీట ఎత్తి చూసుకోమని ఊరందరికీ చెబుతావు. మనింట్లో ఎప్పుడు ఎత్తావు?"

ఎత్తాలంటే గీజరున్న అలమర ఖాళీ చేయాలి. చలికాలంలో ఇంట్లో అంతకన్నా వెచ్చని చోటు ఉండదు. అందుకని ఊళ్ళో ఎవరింట్లోనైనా తువ్వాళ్ళు గీజరు అలమరలోనే ఆరతాయి, రొట్టెపిండీ అందులోనే పొంగుతుంది. నెవిల్ ఇంట్లో వీటికి తోడు అల్లం బీరు పులుస్తోంది. సన్మానం తర్వాత దళానికి పోయడానికి స్వయంగా కలిపి, ఎండుద్రాక్ష వేసి, సీసాలకు మూతలు బిగించి, గీజరు కనబడకుండా పేర్చాడు.

"కదిపితే పాడవుతుంది. సోమవారం చూద్దాంలే."

"ఏ ఏడాది సోమవారం?" అంది మొయిరా.

నెవిల్ వినిపించుకోకుండా హాలుకు వెళ్ళిపోయాడు. అక్కడ హేమి తీపా కుర్చీలు వేస్తున్నాడు. గొర్రెల బొచ్చు కత్తిరించడం అతని వృత్తి. దళంలో నెవిల్ తర్వాత అతనే.

"చీఫ్, టోపీ ఏదీ? బట్టతల మీదే నక్షత్రం గుచ్చమంటారా?"

నెవిల్ తల తడుముకునేలోపే సైరన్ మోగింది. ఇద్దరి పేజర్లూ కూశాయి. చదివిన హేమి ముఖంలో నవ్వు ఆరిపోయింది.

"గీజరు పేలిందట చీఫ్. అడ్రసు మీదే."

ఫైరింజను ఇంటి ముందు ఆగేసరికి పక్కింటి ఐల్సా గేటు పట్టుకుని నిలబడి ఉంది. "ఢామ్మంది నెవిల్ నాయనా. ఆ వెనకే ఇంకోటి. మొయిరా మొయిరా అని తలుపు బాదాను. పలకలేదు."

పాతికేళ్ళుగా ఇలాంటి గేట్ల దగ్గర ఇలాంటి మాటలు వింటూ, కంగారుపడకండి అని చెప్పడం ఆయనకు అలవాటు. ఇప్పుడు ఆ మాట ఆయనకు చెప్పేవాళ్ళు లేరు.

లోపల నడవాలో అలమర తలుపు కింద నుంచి గోధుమరంగు నీళ్ళు పారుతున్నాయి.

"తుప్పు నీళ్ళు. గీజరు పగిలింది," అన్నాడు హేమి. అంతలో అలమరలో మళ్ళీ పేలింది. ఇద్దరూ నేలకు అతుక్కుపోయారు.

వీధి మూసేశారు. సన్మానానికి మంచి బట్టలు కట్టుకొచ్చిన జనాన్ని వీధి చివరికి తోలారు. నక్షత్రం జేబులో పెట్టుకుని జిల్లా నుంచి వచ్చిన పెద్దమనిషి చేతికి ఎవరో గొట్టం అందించారు. ఆయన కిటికీలోంచి నడవా అంతా శ్రద్ధగా తడిపాడు. నెవిల్ మోకాళ్ళ మీద పాకుతూ పడకగది చూశాడు, మంచం కింద చూశాడు, వంటిల్లు చూశాడు. పిలిచి పిలిచి గొంతు పోయింది. ఇక స్నానాలగది ఒక్కటే మిగిలింది. అది అలమరకు అవతల ఉంది. అటు కదిలాడు.

"నెవిల్."

వాకిట్లో మొయిరా నిలబడి ఉంది. చేతిలో ఆయన టోపీ.

"మర్చిపోయావని హాలుకి తీసుకెళ్ళాను. అక్కడ పురుగు కూడా లేదు. నా తివాచీకి నీళ్ళెందుకు పెడుతున్నారు?"

నెవిల్ తడి తివాచీ మీద చతికిలబడి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. చాలాసేపు వదల్లేదు.

తర్వాత హేమి గునపంతో అలమర తలుపు తెరిచాడు. సీసాపెంకులు, అల్లం వాసన, తువ్వాళ్ళ నిండా ఎండుద్రాక్ష. వాటి మధ్య గీజరు చెక్కుచెదరకుండా నిలబడి ఉంది.

"ఇది అల్లం బీరు చీఫ్," అన్నాడు హేమి. "దీని కోసం నేను ప్రాణాలకు తెగించాను. మా ఆవిడకు మాత్రం చెప్పకండి."

నెవిల్ లేచి మీసం తుడుచుకున్నాడు. "గీజరు బంగారంలా ఉంది. చెప్పానా?"

"అలమర ఎలాగూ ఖాళీ అయింది," అంది మొయిరా. "ఆ మీట ఎత్తు."

ఎత్తబోయాడు. కదల్లేదు. రెండు చేతులతో పట్టాడు. ఆవిరి ఎక్కువైతే బయటికి వదలాల్సిన వాల్వు సున్నం గారకట్టి రాయిలా బిగుసుకుపోయింది. హేమి స్నానాలగదిలో కుళాయి తిప్పితే నీళ్ళకు బదులు ఆవిరి బుసకొట్టింది. చటుక్కున కట్టేశాడు. అలమర ఎందుకంత వేడెక్కిందో, సీసాలు ఎందుకు పేలాయో అందరికీ ఒక్కసారే అర్థమైంది. వాటి తర్వాత పేలబోయేది ఏదో కూడా.

"మెయిన్ స్విచ్ ఆపు హేమీ," అన్నాడు నెవిల్ మెల్లగా. "అందరూ బయటికి నడవండి."

నక్షత్రం వీధి చివరే గుచ్చారు. నెవిల్ రాసుకొచ్చిన కాగితం తీయలేదు.

"ఎనిమిదేళ్ళుగా మా ఇంటి వాల్వు ఎత్తలేదు. ఆ ఇంట్లోనే మొయిరా పడుకుంటుంది," అన్నాడు. "మీలో ఎత్తినవాళ్ళు చెయ్యెత్తండి."

ఒక్క చెయ్యీ లేవలేదు. కాసేపటికి వెనక వరసలో ఒకాయన గడియారం చూసుకుని జారుకున్నాడు. ఆ వెనక మరో ఇద్దరు. ప్రసంగం ముగిసేసరికి చప్పట్లు కొట్టడానికి మొయిరా, ఐల్సా మిగిలారు. హేమి కూడా ఇంటికి పరుగెత్తాడు.

సాయంత్రం నెవిల్ ప్లంబరుకు ఫోన్ చేశాడు.

"ఊరంతా నా గుమ్మంలోనే ఉంది చీఫ్," అన్నాడు ప్లంబరు. "మీది ఆపేశారుగా, భయం లేదు. మిగతావాళ్ళవి ఇంకా కాగుతున్నాయి. వచ్చే నెల చూద్దాం."

ఆ నెలంతా మొయిరా స్నానానికి ఐల్సా ఇంటికి వెళ్ళింది. నెవిల్‌ను మాత్రం స్నానానికి ఎవరూ పిలవలేదు.