స్టెప్నీ ఎవరి తాలూకాది?

చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాల ప్రజలకు తెలియజేయడమేమనగా, మన మూడు తాలూకాల ఉమ్మడి కాన్పుబండికి కొత్త టైర్లు వేయించే మహత్కార్యం దిగ్విజయంగా ముగిసినది. ఇందులో కొంత ఆలస్యం జరిగిందని గిట్టనివాళ్ళు గొణుగుతున్నారు. వాళ్ళ నోళ్ళు మూయించడానికే ఈ వివరణ.

దేశాలు తిరిగే దొర ఒకాయన తన ఊరికి వెళ్ళిపోతూ, జీపు వెనక తగిలించుకొని తిరిగే చక్రాల ఇంటిని మనకు దానమిచ్చి పోయాడు. ట్రైలర్ అంటారు దాన్ని. లోపల మంచం, నీళ్ళతొట్టి, పొయ్యి అన్నీ ఉన్నాయి. నర్సు సుజాతమ్మ దాన్ని సర్కారు జీపుకు తగిలించి, అందులో ఊరూరా తిరిగి కాన్పులు చేసేది. ఏడాది తిరిగేసరికి మన రోడ్ల పుణ్యమా అని రెండు టైర్లూ పగుళ్ళు బారాయి. వెనక తగిలించిన అదనపు చక్రం, స్టెప్నీ, అంతకుముందే పోయింది. వానలు పట్టేలోగా టైర్లు మార్చాలని సుజాతమ్మ మొత్తుకుంది.

ఆమె తొందరకు కారణం సోమేనహళ్ళి లక్ష్మీదేవమ్మ. ఆ పిల్లకు అప్పటికే రెండు కాన్పులు చెడ్డాయి. రెండుసార్లూ బిడ్డ అడ్డం తిరిగింది. మూడో కాన్పు కార్తీకంలో. బండి తెచ్చి నీ గడప ముందరే నిలబెడతానని సుజాతమ్మ ఆమెకు మాటిచ్చింది. పెద్దలను అడక్కుండా అట్లా మాటివ్వడం సర్కారు కొలువులో ఉన్నవాళ్ళకు తగని పని.

తక్షణమే సమితి ఏర్పడింది. చిక్కబళ్ళాపురం తరఫున నరసింహయ్యగారు, బాగేపల్లి తరఫున ముత్యాలప్పగారు, చింతామణి తరఫున గోపాలప్పగారు. ముగ్గురికీ టైర్ల గురించి ఏమీ తెలియదు, ఎద్దుల గురించి తెలియనిది లేదు. కాబట్టి పశువుల పరుసలో ఎద్దులను కొన్నట్టే టైర్లను కొనాలని తీర్మానించారు. అంగడి ముందర టైర్లను నిలబెట్టించి, వీపు తట్టి, కొంతదూరం నడిపించి చూశారు. గాట్లలో వేళ్ళు పెట్టి పళ్ళు పరీక్షించారు. ఒక మంచి టైరుకు వీపు మీద దోషపు సుడి ఉందనీ, అది కట్టిన కొట్టం నిలవదనీ చెప్పి పక్కకు తోశారు. బేరం తువ్వాలు కింద వేళ్ళు పట్టుకొని చేశారు. ధర గోడ మీదే రాసి ఉందని అంగడివాడు చెప్పబోయాడు.

"నువ్వు వేలు ఇయ్యప్పా. గోడ మీద రాసిందంతా నమ్మితే యాపారమెట్ల జరుగుతాది?" అని గోపాలప్పగారు మందలించారు.

తాలూకాకు ఒక టైరు వచ్చింది. నరసింహయ్యగారు ఎత్తుగా ఉందని లారీ టైరు తెచ్చారు. గోపాలప్పగారు నున్నగా ఉందని కారు టైరు తెచ్చారు. ముత్యాలప్పగారు, చూస్తేనే మనసు నిండుతుందని, ఎద్దులబండికి వేసే టైరు తెచ్చారు. ఎత్తులు కలవకపోతే బండి ఒరుగుతుందని సుజాతమ్మ భయపడింది.

"పొడుగెద్దు పక్కన పొట్టెద్దును కట్టి మేము సేద్యం చేయలేదామ్మా?" అన్నారు ముత్యాలప్పగారు. ఆ మాటకు అందరూ చప్పట్లు కొట్టారు.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. బండికి నేల మీద నడిచే చక్రాలు రెండే. మూడోది స్టెప్నీగా వెనక వేలాడాలి. ఏ తాలూకా వేలాడాలి?

నరసింహయ్యగారు లేచి ఉపన్యసించారు. "సోదరులారా, నందికొండ నీడలో పెరిగిన మా తాలూకాను బండి వెనక కట్టి ఊరేగించడమంటే చరిత్రకే అవమానం. దాపట మాదే, ఎలపట ఎవరిదో మీరు తేల్చుకోండి." ఎడమవైపు ఎద్దు స్థానం ఆయనకు, కుడివైపు ఎద్దు స్థానం మిగిలినవాళ్ళకు అని దాని అర్థం. మిగిలినవాళ్ళు ఇద్దరు. పదిహేను రోజులకొకసారి పూలమాలలతో చక్రాలు మార్చాలన్నారు. మొదటి పక్షం ఎవరిదని మళ్ళీ మొదలైంది. ముందొక ఇరుసు వేసి మూడోదాన్ని కూడా నేల మీద నడిపించాలన్నారు. అది పై అధికారుల పరిశీలనకు పోయింది. బండి బాగేపల్లిలో రాతిదిమ్మెల మీద కూర్చుంది. ట్రైలర్ లేకుండా జీపు ఊళ్ళకు పోవడం నియమాలకు విరుద్ధమని జీపునూ నిలిపివేశారు.

లక్ష్మీదేవమ్మ అత్త హనుమక్క సోమేనహళ్ళి నుంచి నడిచి వచ్చి సభ గుమ్మంలో నిలబడింది.

"కోడలికి నెలలు నిండినాయి. బండి ఎప్పుడొస్తాదప్పా?"

"పరిశీలన చేస్తాండాము గదమ్మా. నీ కోడలి కోసరం తాలూకా మర్యాద పోగొట్టుకుంటామా?" అన్నారు ముత్యాలప్పగారు.

"మర్యాద మీరే పెట్టుకోండప్పా. ఏవో రెండు చక్రాలు తగిలించి పంపండి, చాలు."

ఇది సభా మర్యాదకు భంగమని ముగ్గురూ ఏకగ్రీవంగా ఖండించారు. ముగ్గురూ ఏకమైంది ఆ ఒక్క విషయంలోనే.

కార్తీకం వచ్చింది. నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ ఈసారీ అడ్డం తిరిగింది. లక్ష్మీదేవమ్మను ఎద్దులబండి మీద పడుకోబెట్టి బాగేపల్లికి బయలుదేరారు. కబురు విని సుజాతమ్మ సంచి పట్టుకొని నడిచి ఎదురుపోయింది. రాళ్ళదారిలో, సగం దూరంలో, బండి కిందనే కాన్పయింది. తల్లి బతికింది. ఆడబిడ్డ. ఏడవలేదు. రాస్తుంటే నాకు కడుపు మండుతోంది, కాని ఇటువంటి వివరణల్లో కడుపుమంటకు చోటు లేదు.

సమితి లేచి నిలబడి సంతాపం తెలిపింది. సమితి నిర్ణయం వెలువడకముందే కాన్పుకు తొందరపడటం శోచనీయమని తీర్మానించింది. ముందు ఏ తాలూకా కూర్చోవాలో తేలక చాలాసేపు నిలబడే ఉన్నారు.

ఇంతలో ఎలక్షన్లు వచ్చాయి. ముగ్గురూ ఒకే పక్షం తరఫున నిలబడ్డారు. నిలబడి మాట్లాడటానికి ట్రైలర్ మెట్టు ఎంతో అనుకూలమని అప్పుడు కనిపెట్టారు. మరుసటి రోజుకే బెంగళూరు నుంచి ఒకే రకం టైర్లు వచ్చాయి. సుడులు ఎవరూ చూడలేదు. తువ్వాలు ఎవరూ పరచలేదు. వెనక స్టెప్నీ వేలాడింది, అది ఎవరి తాలూకాదని ఎవరూ అడగలేదు.

బండి సోమేనహళ్ళికి వచ్చి, చోటు విశాలంగా ఉందని, సరిగ్గా లక్ష్మీదేవమ్మ గడప ముందర నిలిచింది. గోపాలప్పగారు మెట్టెక్కి మైకు అందుకున్నారు. "తల్లులారా, మీ కోసరం ఈ బండిని మీ గడప ముందరికే తెచ్చినాము."

హనుమక్క బయటికి వచ్చి చక్రాలను చూసింది. "బాగేపల్లి ఇంత దగ్గరేనా అప్పా?" అని అడిగింది. మైకు మోతలో అది ఎవరికీ వినబడలేదు. లక్ష్మీదేవమ్మ గడప దాటి రాలేదు. ఊరివాళ్ళు మాత్రం బండి చుట్టూ తిరిగి, టైర్లను తట్టి చూసి, మంచి జత అని మెచ్చుకున్నారు.

ముగ్గురూ గెలిచారు. ఎవరు గెలిపించారని నన్ను అడగకండి. మీ వేలి మీది సిరా ఇంకా ఆరలేదు.