తలుపు వెనక గాయకుడు

ఆ ఆదివారం పొద్దున మా ఇంట్లో ఉన్నవాళ్ళు: ముందుగదిలో ఎవరిదో పాత ఫ్యాను ఒళ్ళో పెట్టుకుని మా నాన్న, కుట్టుగదిలో మిషను ముందు మా అమ్మ, కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని వీధికి కాపలా కాస్తూ మా నాయనమ్మ, వీళ్ళంతా ఎప్పుడు బయటికి పోతారా అని చూస్తూ నేను. కుట్టుగది తలుపు వెనక, పోస్టరు మీద ఆయన.

ఆయనంటే నా గాయకుడు. పేరు రాయను. రాస్తే ఇంకెవరైనా ప్రేమగా చదువుతారేమోనని నా భయం.

నిజానికి ఆ పోస్టరులో ఐదుగురున్నారు, బ్యాండు మొత్తం. మధ్యలో ఆయన. మిగతా నలుగురూ ఆయన భుజాల మీద చేతులేసి నిలబడటం నాకు నచ్చక, పుస్తకాలకి అట్టలేసే ఖాకీ కాగితం కత్తిరించి వాళ్ళ మీద అంటించేశాను. అందుకే ఆయన బ్యాండు వదిలేసి సోలోగా పాడబోతున్నాడని తెలిసినప్పుడు నేను ఆశ్చర్యపోలేదు. ఆ పని నేను పోయిన ఏడాదే చేసిపెట్టాను.

పోస్టరు తలుపుకి లోపలివైపు ఉంటుంది. పగలంతా ఆ తలుపు బార్లా తెరిచి గోడకి ఆనుకుని ఉంటుంది కాబట్టి ఎవరికీ కనపడదు. ఆ గదిలో పడుకునేది నేను. రాత్రి తలుపేసుకుంటే ఆయన, నేను. నా తెలివికి నాకే ముచ్చటేసేది.

సోలో సంగతి ముందురోజు పేపర్లో చూసి చదివింది నాన్నే.

"ఈ జులపాలాయన బ్యాండులోంచి బయటికొచ్చేశాట్ట."

"వేరు కాపురం పెట్టాడన్నమాట," అంది నాయనమ్మ. "వెనకాల ఎవత్తో ఉండి ఎక్కించి ఉంటుంది."

"ఎవరూ ఎక్కించక్కర్లేదు అత్తయ్యా. అందరి పనీ ఒక్కడి నెత్తిన పడితే ఎన్నాళ్ళని చేస్తాడు?" అంది అమ్మ, మిషను తొక్కడం ఆపకుండా.

"నువ్వెందుకోయ్ వెనకేసుకొస్తావు?" అన్నాడు నాన్న. "అసలా జుట్టేమిటి? దువ్వెన మొహం చూసినట్టు లేదు."

"లేనివాళ్ళకి ఉన్నవాళ్ళని చూస్తే అలాగే ఉంటుంది లెండి."

నాన్న పేపరు నెత్తి మీదికి జరుపుకున్నాడు.

నాకు మాత్రం ఎక్కడో గుచ్చుకుంది. ఆయన్ని వెనకేసుకురావాల్సింది నేను. మధ్యలో తనెవరు?

ఆయన మొదటి సోలో పాట ఆదివారం పదకొండింటికి వస్తుంది. ఒక్కడే పాడే పాట కాబట్టి ఒక్కరే వినాలని నేను తీర్మానించాను. చిక్కేమిటంటే, మా ఇంట్లో పాట వచ్చే ఫోను ఒకటే. అది అమ్మది.

నేను అబద్ధం చెప్పలేను. నిజం చెప్పడానికే నాకు గొంతు పెగలదు, ఇంక అబద్ధం ఎక్కడ. అందుకని చేతల్లోకి దిగాను. అమ్మ పెరట్లోకి వెళ్ళినప్పుడు మిషనులోంచి బాబిన్ కేసు, అంటే కిందిదారం కండె కూర్చునే చిన్న ఇనప డిబ్బీ, లాగేసి నా జామెట్రీ బాక్సులో దాచాను. అది లేకపోతే ఒక్క కుట్టూ పడదు. కొత్తది కొనడానికి అమ్మ బయల్దేరుతుంది. నాన్న స్కూటరు తీస్తాడు. దెబ్బలాడ్డానికి కోడలు లేని ఇంట్లో నాయనమ్మకి తోచదు, పక్కింటికి పోతుంది. ఛార్జింగులో ఉన్న ఫోను నాది.

మొదటి ముక్క బాగానే నడిచింది.

"బాబిన్ కేసు కనిపించట్లేదు. ఏమే, చూశావా?"

నేను అవుననీ కాదనీ కాకుండా తలూపాను.

"ఏమండీ, షాపుకి వెళ్ళొద్దాం పదండి."

"ఇంతదానికి షాపెందుకోయ్? ఎక్కడో లోపల పడి ఉంటుంది," అని నాన్న స్క్రూడ్రైవరు తీశాడు.

మా నాన్న ఫ్యాన్ల మెకానిక్కు. విప్పడం మొదలుపెడితే ఆపడం తన చేతుల్లో కూడా ఉండదు. మిషను ముందుగదిలోకి మోసుకొచ్చాడు. కాసేపటికి చక్రం గుమ్మంలో, బెల్టు నాయనమ్మ కాళ్ళ కింద, మరలన్నీ నాన్న బనీనులో ఉన్నాయి.

"చక్రంలో ఉంటుందా అండీ బాబిన్ కేసు?"

"ఎక్కడా అనుమానం మిగలకూడదు."

"ఇన్నేళ్ళ కాపురంలో నా సామాను మీద ఇంత శ్రద్ధ ఇవాళే చూస్తున్నా."

"అయితే ఆ జులపాలాయన్నే పిలు, వచ్చి బాగుచేస్తాడు."

"ఆయన మీలా కాదు. మళ్ళీ పెట్టడం రానిదాన్ని విప్పడు."

'ఆయన' అంది. ఈ ఇంట్లో ఆయన్ని 'ఆయన' అనేది నేనొక్కదాన్నే, అదీ డైరీలో.

పదకొండు కావస్తుండగా వీధిగుమ్మంలో చెప్పుల చప్పుడైంది. పాలబూత్ అక్క. వెనకే ఆస్పత్రి నర్సమ్మ. ఆ వెనక మా బడి లెక్కల టీచరు.

"కొలతలివ్వడానికొచ్చాం," అన్నారు ముగ్గురూ ఒకే గొంతుతో. ఒక్కరి చేతిలోనూ గుడ్డ లేదు.

"మిషను విప్పి ఉందండీ," అన్నాడు నాన్న నేలమీంచి.

"కొలతలకి మిషనెందుకండీ? టేపు చాలు," అంది టీచరు.

అప్పుడు వెలిగింది నాకు. కొలతలు తీసేటప్పుడు అమ్మ తలుపేస్తుంది. వేసిన ప్రతిసారీ ఆయన గదిలోకి తిరిగి నవ్వుతూ నిలబడతాడు. నేనొక్కదాన్నే అనుకుని రాత్రిళ్ళు కబుర్లు చెప్పుకున్న మనిషి ముందు, పగలంతా మా వీధి ఆడవాళ్ళు చేతులు పైకెత్తి నడుం కొలతలిస్తున్నారు.

"వాళ్ళ మొదటి పాట నుంచీ వింటున్నా నేను," అంటోంది టీచరు. నేను విన్నది రెండో పాట నుంచి.

నాయనమ్మ కూడా లేచింది.

"నువ్వెక్కడికి నాయనమ్మా?" అన్నాను. పొద్దుట్నుంచీ నేనాడిన మొదటి మాట అది.

"నాకా జులపాలవాడితో పనిలేదే. పక్కన డ్రమ్ములు వాయించే పిల్లాడు ముద్దుగా ఉండేవాడు. వాడి మొహం మీద ఎవరో కాగితం అంటించారు, వాళ్ళ చేతులు పడిపోను."

నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను. ఒక చేతిలో ఉన్న జామెట్రీ బాక్సు గలగలమంది.

ఫోను తీసుకుని వెళ్తున్న అమ్మ గుమ్మంలో ఆగింది.

"ఆ బాక్సులోది మీ నాన్నకిచ్చెయ్. పక్కన కూర్చుని మిషను బిగించడంలో సాయం చెయ్యి."

"అమ్మా, పోస్టరు నాది," అన్నాను. గొంతు సగమే వచ్చింది.

"తెలుసు. మంచి చోట పెట్టావు. కొలతలప్పుడు పిల్లలు లోపల ఉండకూడదు."

"ఎంతసేపోయ్ ఆ కొలతలు?" అని నాన్న వెనకనుంచి అడిగాడు. నా గొంతులో ఉన్నదే ఆ గొంతులోనూ ఉంది.

"పాట ఎంతుంటే అంత," అంది అమ్మ.

తలుపు గోడని వదిలి కదిలింది. దాంతోపాటే ఆయన కూడా నాకు వీపు చూపించి, వాళ్ళ వైపు తిరిగిపోయాడు.