సిఫారసు లేకుండా వచ్చిన వైరు

దరఖాస్తు ఇచ్చిన మూడో రోజునే పని జరగబోయిన దుర్ఘటన ఒకటి 2007 జూన్ పన్నెండో తేదీ ఉదయం కడప నందన కాలనీలో చోటు చేసుకుంది. ప్రాణనష్టం లేదు. బండల వ్యాపారి అనంతయ్య మాత్రం వరండాలో కూలబడ్డారు.

అనంతయ్య ముప్పై ఏళ్ళు బేతంచెర్లలో బండల పాలిషు ఫ్యాక్టరీ నడిపి, కడపలో డిపో తెరిచి, కాలనీలో ఇల్లు కట్టుకుని, ఆ నెల మొదట్లోనే పాలు పొంగించి దిగారు. గడప నుంచి పెరటి దాకా పరిచినవన్నీ ఆయన సొంత బండలే. బేతంచెర్లలో ఆయన కరెంటు ఆఫీసుకు పోతే కుర్చీ వేసేవారు. రైల్వే స్టేషనుకు పోతే బండి ఎంత ఆలస్యమో బోర్డు మీద రాయకముందే ఆయన చెవిన వేసేవారు. కడపలో ఆయన్ను చూసి ఎవరూ లేచి నిలబడటం లేదు. కొత్త ఇంటికి ఉన్న లోపం అదొక్కటే.

బ్రాడ్‌బ్యాండ్ కావలసింది ఆయన కూతురు రమ్యశ్రీకి. డిగ్రీ అయ్యాక ఆరు నెలలు శిక్షణ తీసుకుని, డాక్టర్లు చెప్పింది చెవిలో వింటూ టైపు చేసే ఉద్యోగం సంపాదించింది. కంపెనీ హైదరాబాదులో, పని ఇంట్లో. ఆడపిల్లను హాస్టల్లో పెట్టనని భీష్మించుకున్న తండ్రికీ, ఉద్యోగం చేసి తీరతానన్న కూతురికీ కుదిరిన ఏకైక రాజీ అది. జూలై ఒకటికల్లా ఇంట్లో కనెక్షన్ లేకపోతే ఉద్యోగం జాబితాలోని తరువాతి పేరుకు పోతుందని కంపెనీవారు మర్యాదగానే రాశారు.

అందుచేత తొమ్మిదో తేదీన తండ్రీకూతుళ్ళు టెలిఫోన్ ఆఫీసుకు వెళ్ళి, కౌంటరు మీద దొంతరగా పెట్టిన ఫారాల్లో ఒకటి తీసి, నింపి ఇచ్చారు. గుమాస్తా చదివి, ముద్ర కొట్టి, "మూడు నాలుగు రోజుల్లో వస్తారు" అన్నాడు. మీరెవరి తాలూకు అని అడగలేదు. సారు లేరు, రేపు రాండి అని కూడా అనలేదు. అనంతయ్యకు అక్కడే అనుమానం తగిలింది. పని అయ్యే ఆఫీసు ఎలా ఉంటుందో ఆ మాత్రం తెలియని మనిషి కాదాయన. కూతుర్ని ఆటో ఎక్కించి, తాను తిన్నగా రాఘవేంద్రప్రసాద్ గారింటికి వెళ్ళారు.

రాఘవేంద్రప్రసాద్ గారు ఇరవై మూడు సంఘాలకు గౌరవాధ్యక్షులు. అందులో రెండు సంఘాలు ఇప్పటికీ ఉన్నాయి. ఆయన విషయం సాంతం విన్నారు. "ఇతనికి బ్రాడ్‌బ్యాండ్ ఇయ్యడమంటే ఒక వ్యక్తికి ఇయ్యడం కాదు. వర్తక లోకానికి ఇయ్యడం. ఈ జిల్లా భవిష్యత్తుకు ఇయ్యడం" అని గదిలో ఉన్న నలుగురినీ ఉద్దేశించి ప్రసంగించి, లెటర్‌హెడ్ తీసుకుని, "ఇతడు నాకు చిన్ననాటి నుండి సుపరిచితుడు" అని రాసి, తలెత్తి "పేరేమంటివప్పా?" అని అడిగారు. రెండు రోజుల్లో ఉత్తరం మనిషి చేత పంపుతానని, తానే ఫోన్ కూడా చేస్తానని మాట ఇచ్చారు. అనంతయ్యకు ప్రాణం లేచి వచ్చింది.

ఇటువంటి పరిస్థితిలో పన్నెండో తేదీ ఉదయం లైన్‌మన్ లేవి సైకిలు మీద వైరు చుట్ట, నిచ్చెన వేసుకుని గేటు ముందు దిగాడు. రమ్యశ్రీ తల్లితో బజారుకు పోయి ఉంది.

"ఎవరు పంపినారప్పా నిన్ను?" అన్నారు అనంతయ్య.

"ఎవరూ పంపల్యా సార్. లిస్టులో మీ పేరుండాది, వచ్చినా."

"ప్రసాద్ గారు ఫోన్ చేసినారా?"

"ఏ ప్రసాద్ గారు సార్?"

దుర్ఘటన ఇదే. పెద్దమనిషిని మాట సాయం అడిగాక, ఆయన మాట బయలుదేరకముందే పని అయిపోతే రేపు ఆయనకు ముఖం ఎలా చూపించడం? పైగా ఎవరూ చెప్పకుండా వచ్చిన వైరు ఎన్నాళ్ళు నిలుస్తుంది? అనంతయ్య తేరుకుని, లేవికి కాఫీ ఇప్పించి, "ఉత్తరం వచ్చినాక రాప్పా, మళ్ళా మాటొస్తాది" అని సాగనంపారు. లేవి పద్దెనిమిదేళ్ళ సర్వీసులో రకరకాల మనుషుల్ని చూసినవాడు. కాఫీ తాగి, కాగితం మీద "వినియోగదారు సిద్ధంగా లేరు" అని రాసుకుని పోయాడు.

పదమూడున ఉత్తరం ఆఫీసు చేరింది. అంతటి వారి ఉత్తరం అంటుకున్న దరఖాస్తును మామూలు దరఖాస్తుల మధ్య పడేయడం అమర్యాద కాబట్టి, దాన్ని లేవి లిస్టులోంచి తీసి, దానికొక ఫైలు తెరిచి, అట్ట వేసి, ఎర్ర నాడా కట్టారు. ఆ మర్యాదలో అయిదు రోజులు గడిచాయి. అనంతయ్య కంగారుపడి కాంట్రాక్టరు లక్ష్మన్న గారి చేత రెండో ఉత్తరం రాయించారు. లక్ష్మన్న గారికీ ప్రసాద్ గారికీ పదకొండేళ్ళుగా ఒకరు పోయిన పెళ్ళికి ఇంకొకరు పోయే అలవాటు లేదని ఆయనకు తెలియదు. కడపకు కొత్త కదా. టెలిఫోన్ ఆఫీసు అధికారికి తెలుసు. ఒకరి ఉత్తరం మీద ఇస్తే రెండోవారికి కోపం. అందుచేత ఆయన "సదరు వేగవంతమైన కనెక్షన్ విషయమై తొందరపడరాదు" అని సొంత దస్తూరీతో రాసి, సలహా కోసం ఫైలును పై ఆఫీసుకు పంపారు.

అనంతయ్య ఈ వార్తను ఇంటికి సంతోషంగానే మోసుకొచ్చారు.

"ఫైలు పైకి పోతాండాది పాపా. శానా దూరం పోతాండాది."

"ఫైలు పైకి పోతే వైరు కిందికి ఎట్లొస్తాది నాయనా?" అంది రమ్యశ్రీ. "లిస్టులో ఉండే పేరు నువ్వే తీపిస్తివి."

ఇరవై అయిదో తేదీన ఆ పిల్ల చెవులకు పెట్టుకునే హెడ్‌ఫోన్‌ను అట్టపెట్టెలో సర్ది అలమరాలో పెట్టేసింది. దెబ్బలాడి ఉంటే ఆయన తట్టుకునేవారు. పెట్టె మూసిన చప్పుడుకు అనంతయ్యకు అన్నం సహించలేదు. తన పలుకుబడితో బిడ్డ బతుకు బాగుచేద్దామనుకున్న తండ్రి, దాంతోనే పాడు చేశాడేమోనన్న ఆలోచన మొదటిసారి ఆయనకు తట్టింది. అయితే ఎక్కువసేపు నిలవలేదు. ఆ సాయంత్రమే పక్కింటి కిటికీలో బ్రాడ్‌బ్యాండ్ డబ్బా పచ్చ దీపాలు మిణుకుమిణుకుమనడం కంటపడింది.

పక్కింట్లోకి అయిదు రోజుల కిందటే దిగిన కృపమణి స్కూలు టీచరు. ఆమెకు బ్రాడ్‌బ్యాండ్ వచ్చేసింది. ఉత్తరం లేదు, ఫైలు లేదు. ఆమె కోసం ఎవరు చెప్పి ఉంటారా అని అనంతయ్య రాత్రి భోజనం దాకా లెక్క వేశారు. బిషప్పు గారు అయ్యుంటారా? కలెక్టరు చదువుకున్న బడిలో పాఠం చెప్పి ఉంటుందా? ఇంత చప్పుడు లేకుండా పని జరిగిందంటే వెనక ఉన్నది మామూలు చెయ్యి కాదు. మర్నాడు పొద్దున్నే కూతుర్ని తోడు తీసుకుని వెళ్ళారు.

"టీచరమ్మా, దాచద్దు. ఎవరి చేత చెప్పించినావు?"

"ఎవరి చేతా లేదన్నా. ఫారం రాసిచ్చినా. నాలుగు దినాలకు వచ్చినారు."

"పెద్దోళ్ళు అట్లనే చెప్తారులేమ్మా" అన్నారు అనంతయ్య భక్తిగా.

కృపమణి అడ్డు చెప్పబోయి, వెనక నిలబడ్డ రమ్యశ్రీ ముఖం చూసింది. ఇరవై ఏళ్ళుగా మొండి పిల్లలకు ఎక్కాలు నేర్పిన మనిషి. లోపలికి వెళ్ళి, ఫారం నింపేటప్పుడు తప్పు పోతే ఉంటుందని అదనంగా తెచ్చుకున్న ఖాళీ ఫారం తీసుకొచ్చింది.

"సరే అన్నా. ఇది పాప పేరు మీద రాసియ్యి. కానీ దీనికి మూడు నియమాలుండాయి. ఎవరి ఉత్తరమూ జత చెయ్యగూడదు. యాడా ఎవరికీ చెప్పగూడదు. వైరు మనిషి వస్తే, ఎవరు పంపినారని అడగగూడదు."

ఇన్ని నియమాలున్నాయంటే దీని శక్తి ఎంతటిదో అనంతయ్యకు చెప్పనక్కర్లేదు. ఫారం కౌంటరులో ఇచ్చి వచ్చి, ఆయన నాలుగు రోజులు ఎవరికీ చెప్పకుండా ఉన్నారు. ప్రసాద్ గారు ఎదురైతే సందులోకి తిరిగారు. ముప్పయ్యో తేదీన లేవి నిచ్చెన గోడకు ఆనించినప్పుడు, "ఎవరు పంపినారు" అన్న మాట గొంతు దాకా వస్తే తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. "ఒళ్ళు బాగలేదా సార్?" అని లేవే అడిగాడు. మధ్యాహ్నానికి పచ్చ దీపాలు వెలిగాయి. రమ్యశ్రీ అలమరా తెరిచి అట్టపెట్టె బయటకు తీసింది. అనంతయ్య కళ్ళు తుడుచుకున్నారు. మరునాడు ఆమె ఉద్యోగంలో చేరింది.

తరువాతి విషయాలు మామూలే. ప్రసాద్ గారు తన ఫోన్ పనిచేసినందుకు సంతోషం వెలిబుచ్చారు. లక్ష్మన్న గారు కూడా వెలిబుచ్చారు. ఇద్దరికీ వేర్వేరు రోజుల్లో శాలువాలు కప్పడమైనది. అనంతయ్య పేరుతో ఉన్న ఫైలు ఇంకా పైనే ఉంది, క్షేమమని వినికిడి.

నియమాలు వైరు వచ్చేదాకానే అని తేల్చుకుని, అయిదో రోజు అనంతయ్య కాలనీ అంతటికీ చెప్పేశారు. అప్పటి నుంచి కృపమణి గేటు ముందు పొద్దున ఏడింటికల్లా జనం. ఆమె విసిగి, ఒక రోజు పదిమందిని వెంటబెట్టుకుని టెలిఫోన్ ఆఫీసుకు నడిపించి, కౌంటరు మీది దొంతర చూపించి, "ఇవేనప్పా" అంది. వాళ్ళు చూసి నవ్వుకున్నారు. "ఇవి అందరికీ ఇచ్చేటివి టీచరమ్మా. నువ్వు అనంతయ్యకిచ్చిన ఫారం ఇప్పియ్యి" అన్నారు. దొంతర మీద దుమ్ము దులపడానికి ఆఫీసువారు ఈ మధ్య ఒక మనిషిని వేశారట.

ఈ కథ చదివినవారు కృపమణి గారి చిరునామా కోసం మాకు రాయవద్దని మనవి. ఎవరు అడిగినా ఇచ్చేది లేదు. మరీ అంత అవసరమైతే, మాకు బాగా కావలసినవాళ్ళ చేత ఒక మాట చెప్పించండి, చూద్దాం.