చిన్నోడి బేరం

ఆ ఉదయం కండక్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. పొట్టేలుకి కడుపునిండా దాణా పెట్టాలి. కొట్టం వెనక నీడలో గట్టిగా కట్టెయ్యాలి. కొనడానికి వచ్చే ఆసామికి దూరం నుంచే చూపించి, వ్యాను ఎక్కించి పంపెయ్యాలి. ఇందులో బెడిసికొట్టడానికి ఏముంది? ఉద్యోగమంతా జనాన్ని బస్సు ఎక్కించి, సర్ది, దింపినవాడికి ఒక్క పొట్టేల్ని ఎక్కించడం ఒక లెక్కా? అలాగే అనుకున్నాడు పాపం.

రిటైరయ్యాక ఊరి చివర కాస్త నేల కొనుక్కుని, కోళ్ళూ కూరగాయలూ పెంచుకుంటూ కుదురుగా ఉన్న మనిషి. తల్లి పోయిన గొర్రెపిల్ల ఒకటి ఇంటికి చేరితే పాలసీసా పట్టి పెంచాడు. చిన్నోడని పేరు పెట్టాడు. అది గుమ్మానికి అడ్డంగా నిలబడ్డప్పుడల్లా, పాత అలవాటు కొద్దీ, ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్ళని నెట్టినట్టు దాని నుదుటి మీద అరచెయ్యి ఆనించి, "లోపలికి జరగాలి, లోపలికి జరగాలి" అంటూ నెట్టేవాడు. అదీ తిరిగి నెట్టేది. ఇద్దరికీ సరదాగానే ఉండేది. పిల్ల పెరిగి పొట్టేలైంది, కొమ్ములు మెలితిరిగాయి, నెట్టుడు మాత్రం అలాగే ఉండిపోయింది. పైగా ఇప్పుడు ఎదుటివాళ్ళు మొదలుపెట్టేదాకా ఆగే ఓపిక కూడా పోయింది దానికి.

మొన్న అతని భార్య గుడ్లు ఏరడానికి వంగింది. అంతే. ఆ తర్వాత ఆవిడ కూర్చున్నది లేదు. అన్నం నిలబడి తింటోంది, కూరగాయలు నిలబడి తరుగుతోంది, మొగుణ్ణి కూడా నిలబడే తిడుతోంది. నిన్న పొద్దున్నే తేల్చి చెప్పేసింది.

"ఏమండీ, ఇంకోసారి చెప్పను. రేపు మధ్యాహ్నం మాంసం కొట్టాయన్ని రమ్మన్నాను. ఈలోగా మీ పుత్రరత్నాన్ని ఎవరికిచ్చుకుంటారో మీ ఇష్టం. ఈసారి పడ్డానంటే తుంటి విరిగి మంచానికే అతుక్కుపోతాను. నాకు భయంగా ఉంది."

భయంగా ఉందని ఆవిడ నోటివెంట వినడం అతనికదే మొదలు. తిడితే ఏదో ఒకటి అని తప్పించుకునేవాడు. దీనికేం చెప్తాడు? తప్పు తనదే. కానీ సీసా పట్టి పెంచినదాన్ని కత్తికి ఇవ్వమంటే చేతులు రావడం లేదు. అందుకే ఊళ్ళూళ్ళకీ ఫోన్లు చేసి చేసి, చివరికి ఒక గొర్రెల ఆసామిని పట్టుకున్నాడు. పొట్టేలు ఎలాంటిదని ఆయన అడిగితే, "పసిపాపండీ. కాళ్ళ దగ్గరే పడుకుంటుంది" అన్నాడు. అబద్ధమేం కాదు. పడగొట్టాక కాళ్ళ దగ్గరే పడుకుంటుంది.

ఇంట్లో ఒక బావమరిది కూడా ఉన్నాడు. చూసి పోదామని వచ్చి, చూడటం ఇంకా పూర్తికానివాడు. ప్రపంచంలో ఆయనకి తెలియని విషయం లేదు.

"బావా, కట్టే పని నాకొదిలెయ్. జంతువుకి మన భయం తెలియకూడదు, అదొక్కటే కిటుకు" అని తాడు పట్టుకుని బయల్దేరాడు.

భయం మాట నిజమే, ఆయన ముఖంలో ఇసుమంతైనా లేదు. వచ్చిన చిక్కల్లా, తాడుని రాటకి ముడి వెయ్యడానికి వంగినప్పుడు ముఖం అటువైపు ఉంది. చిన్నోడికి కనిపించింది వేరే వైపు. ధబ్బుమని చప్పుడు, ఆ వెంటనే నీళ్ళ తొట్టిలోంచి ఇంకో చప్పుడు.

"బావా! బావోయ్!"

కండక్టరు దాణా బకెట్టు అక్కడే పారేసి పరిగెత్తాడు. ముడి పడని తాడు ఈడ్చుకుంటూ పొట్టేలు పెరట్లో స్వేచ్ఛగా తిరుగుతోంది. సరిగ్గా అప్పుడే భార్య తడిబట్టల బుట్టతో బయటికొచ్చింది.

"లోపలికెళ్ళు! పొట్టేలు వదిలేసుంది!" అని కేకేశాడు కండక్టరు.

ఇంటి గుమ్మానికీ ఆవిడకీ మధ్య చిన్నోడు. ఇటుపక్క కోళ్ళ గూడు. ఆవిడ బుట్ట పొట్టేలు మీదికి విసిరేసి గూట్లోకి దూరి జాలీ తలుపు వేసుకుంది. కోళ్ళన్నీ ఒక్కసారి గోల పెట్టాయి. పొట్టేలు కొమ్ముకి ఒక దిండుగలేబు తగులుకుని వేలాడుతోంది. గేటు బయట వ్యాను హారన్ మోగింది.

ఆసామి వచ్చేశాడు. ఇప్పుడీయన బెదిరి వెనక్కి పోయాడా, మధ్యాహ్నం కత్తి తప్పదు. "ఏమైనా సరే నవ్వుతూ ఉండండి" అని గూటి వైపూ తొట్టి వైపూ గట్టిగా గుసగుసలాడి, కండక్టరు తనూ ఒక నవ్వు తగిలించుకున్నాడు. ఆసామి గేటు తీసుకుని లోపలికి వచ్చాడు. తలగుడ్డ చుట్టిన పొడుగాటి మనిషి, మాట తక్కువ.

"ఆయనేంటి, తొట్టిలో కూర్చున్నారు?"

"మా బావమరిదండీ. స్నానం."

"బట్టలతోనా?"

"అవీ ఉతికినట్టవుతుందనీ…" అన్నాడు తొట్టిలోంచి బావమరిది, వణుకుతూ.

గూట్లోంచి భార్య గొంతు వినిపించింది. "రండి అన్నయ్యగారూ! ఇల్లెరిగి వచ్చారు, సంతోషం. కోళ్ళని ఒక్క నిమిషం పలకరించి వస్తాను, కూర్చోండి." పొట్టేలు పోవాలని ఆవిడకి ఎంత పట్టుదలంటే, తలమీదికి కోడి ఎక్కినా గొంతు చెదరలేదు.

ఆసామి పొట్టేలు వైపు అడుగు వేశాడు. పొట్టేలు తల దించింది. కండక్టరు ఒక్క గంతులో మధ్యకి వెళ్ళి, చేతికి ఇంకేమీ తోచక, దాని నుదుటి మీద అరచెయ్యి పెట్టేశాడు. పెట్టాక గాని తెలియలేదు ఏం చేశాడో.

చిన్నోడు నెట్టడం మొదలుపెట్టింది.

"ప్రేమండీ. ఇలా ఆనుకుంటుంది" అన్నాడు కండక్టరు, మడమలు నేలలో తన్నిపెట్టి. మడమలు మట్టిని దున్నుకుంటూ వెనక్కి పోతున్నాయి. "మనిషంటే… ప్రాణం." టమాటా మడి దాటారు. "చూశారుగా… ఎంత నెమ్మదో." వంకాయ మొక్కలు రెండు ఒరిగాయి. చెమట కళ్ళలోకి కారుతోంది, నవ్వు మాత్రం వదల్లేదు. చెయ్యి తీస్తే అది ఆసామి మీదికి పోతుంది. తియ్యకపోతే వెనక గోడ. గోడే ముందొచ్చింది. వీపు గోడకి, కొమ్ములు పొట్టకి అతుక్కున్నాయి. ఊపిరాడక కండక్టరు చెయ్యి జారవిడిచాడు. గెలిచానని తేల్చుకున్న చిన్నోడు, ఒక్క తుమ్ము తుమ్మి, అతని కాళ్ళ దగ్గర చతికిలబడి నెమరు వెయ్యసాగింది.

ఆసామి ముఖం చిన్నబోయింది. "వద్దులెండి. ఇది నాకు పనికిరాదు."

"ఎందుకండీ?"

"మరీ మెత్తన. మా మంద గుట్టల పక్క మేస్తుంది. కుక్కలు గుంపుగా వచ్చి పిల్లల్ని ఎత్తుకుపోతున్నాయి. ఎదురు తిరిగి కుమ్మేది కావాలి నాకు. ఇదేమో మనిషిని వాటేసుకుంటోంది. దీన్ని మాంసానికిచ్చుకోండి."

కండక్టరు రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. "అయ్యో, కాదండీ! ఇది రాక్షసి! మా ఆవిడ మొన్నట్నుంచి కూర్చోలేదు! వాడు స్నానం చెయ్యడం లేదండీ, అందులో పడేసింది!"

"ఇందాక పసిపాపన్నారు. ఇప్పుడు రాక్షసంటున్నారు. అమ్ముకోవడానికి ఎన్ని అబద్ధాలైనా ఆడతారా సార్? పెద్దమనిషనుకున్నాను."

కోళ్ళ గూడు తలుపు దడాలున తెరుచుకుంది. జుట్టునిండా ఈకలతో ఆవిడ నేరుగా పొట్టేలు ముందుకొచ్చి నిలబడింది. మొన్నటి భయం ఏమైందో ఆవిడకే తెలియాలి.

"ఎవరండీ అబద్ధాలాడేది? చూడండి, మీ కళ్ళతో మీరే చూడండి!" అంటూ పొట్టేలుకి వీపు చూపించి, నడుము పట్టుకుని మరీ వంగింది. "కుమ్మరా! ఏం, ఇప్పుడేం వచ్చింది నీకు? కుమ్ము!"

"వద్దే, లే!" అని మొత్తుకున్నాడు కండక్టరు. ఒక పక్క కుమ్ముతుందేమోనని భయం, ఇంకో పక్క కుమ్మదేమోనని. చిన్నోడు ఆవిడ వైపు ఒకసారి చూసి, నెమరు అటు దవడ నుంచి ఇటు దవడకి మార్చుకుంది.

ఆసామి నవ్వాడు. "అమ్మా, లెండి. ఇది పిల్లి." పోతూ పోతూ జాలిపడి, దాని నుదుటి మీద అరచేత్తో రెండు తట్లు తట్టాడు. "బతికినన్నాళ్ళు హాయిగా తినరా." వెనక్కి తిరిగాడు.

చిన్నోడు లేచింది. కండక్టరు "అయ్యా!" అనేలోపే పెరడు దద్దరిల్లింది. ఆసామి గేటుదాకా నడవాల్సిన పని లేకుండా గేటు అవతల పడ్డాడు. తలగుడ్డ మాత్రం ఇవతల ఉండిపోయింది.

చచ్చాడేమోననుకున్నాడు కండక్టరు. ఆసామి మోచేతుల మీద లేచి, మట్టి ఉమ్మేసి, వెలిగిపోతున్న ముఖంతో అరిచాడు. "ఇదయ్యా పొట్టేలంటే! ఎక్కించండి! ఎంతంటే అంత!"

కండక్టరుకి ఏడుపొచ్చింది. బతికిపోయింది చిన్నోడు. తాడు అందుకుని, ముఖం అటు తిప్పుకుని కళ్ళు తుడుచుకున్నాడు. భార్య అది చూసింది.

"అమ్మం" అందావిడ.

"ఇందాక కొనమని ప్రాణం తీశారు కదమ్మా!"

"ఇందాక అమ్మేవాళ్ళం. మా ఆయన్ని అబద్ధాలకోరన్నారు మీరు. రోజూ నేనంటాను, నా మొగుడు కాబట్టి అంటాను. మధ్యలో మీరెవరండీ అనడానికి? ఆయన మాట నిజమని చాటినవాణ్ణి మీ వ్యాను ఎక్కిస్తానా?" తలగుడ్డ గేటు మీంచి ఆయనకి అందించి, మొగుడి వైపు తిరిగింది. "మీరు ఏడుపు ఆపండి. ఇవాళే దానికి వేరే దడి కట్టండి. ఇంకెప్పుడైనా దాని నుదుటి మీద చెయ్యి వేశారో, దడిలో మీరుంటారు."

"అలాగేనే" అన్నాడు కండక్టరు. జీవితంలో అంత సంతోషంగా తిట్లు తిన్నది లేదు.

ఆసామి వ్యాను మలుపు తిరిగిందో లేదో, గేటు ముందు ఒక మోపెడ్ ఆగింది. మాంసం కొట్టాయన సంచీ భుజాన వేసుకుని దిగాడు. కండక్టరు, భార్య ఏమంటుందోనని ఆవిడ నోటివంకే చూస్తూ నిలబడ్డాడు.

"ఏదమ్మా పొట్టేలు? ఇస్తానన్నారుగా."

ఆవిడ గేటు బార్లా తెరిచి, ఎంతో మర్యాదగా పక్కకి తప్పుకుంది. "పెరట్లోనే ఉందండీ. మీరే వెళ్ళి పట్టుకోండి."

గేటులోంచి నడిచి లోపలికెళ్ళిన మాంసం కొట్టాయన, బయటికి మాత్రం గోడ మీంచి వచ్చాడు.